ఫారం ఏజెంటుది, జవాబు పెద్దలది

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పిల్లల్ని చూడబోయే తల్లిదండ్రుల బీ1/బీ2 (సందర్శకుల) వీసాకు తరచూ చిక్కు వచ్చేది డీఎస్‌-160 అనే ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం దగ్గరే. నింపేది ఏజెంటు. ఇంటర్వ్యూలో కొడుకుది ఏ వీసా, ఎన్నాళ్లుంటారు, ఖర్చెవరిది అని అడిగేది పెద్దల్ని. కాగితంలో ఒకటుండి నోట మరొకటి వస్తే అధికారికి అనుమానం తప్పదు. సమర్పించే ముందే ప్రతి గడినీ తెలుగులో చదివి వినిపించాలి.

మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం కద్దు. అలాంటప్పుడు ఉన్న పేరంతా ఇంటిపేరు చోట రాసి, అసలు పేరు (గివెన్ నేమ్) గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టాలి. ఫారం దిద్ది మళ్లీ పంపితే నిర్ధారణ నంబరు మారుతుంది. అపాయింట్‌మెంటులోనూ ఆ కొత్త నంబరే ఉండాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఖర్చు భరిస్తానని కొడుకు ఇచ్చే స్పాన్సర్ లేఖ తప్పనిసరి కాదు. అమెరికా వలస చట్టం సెక్షన్ 214(బీ) కింద అధికారి తేల్చుకోవాల్సింది పెద్దలు తిరిగి వస్తారా అన్నదే. అందుకు కొడుకు జీతం చీటీల కన్నా పింఛను, పొలం, ఇక్కడి సంసారం బలమైన ఆధారాలు. 185 డాలర్ల ఫీజు తిరస్కరించినా వెనక్కి రాదు.

పదేళ్ల వీసా వచ్చినా అక్కడ ఉండగలిగేది, దేశంలో అడుగుపెట్టినప్పుడు నమోదయ్యే ఐ-94 పత్రంలో రాసిన తేదీ వరకే, మామూలుగా ఆరు నెలలు.

— ఒక పాఠకుడు, ఏలూరు