వార్షిక నివేదిక: తొలినాటి టాకీలు, 'జర్నీస్ ఎండ్'

సభ్యులకు నమస్కారం. జమాఖర్చులు, మిగతా కార్యక్రమాల పట్టిక విడిగా జతచేశాం. ఈ పేజీ మాత్రం ఏడాదంతా మన సంఘం పట్టుకు కూర్చున్న 1930 నాటి యుద్ధచిత్రం 'జర్నీస్ ఎండ్' గురించే.

దానికి మూలమైన ఆర్.సి. షెరిఫ్ నాటకం 1928 డిసెంబరులో లండన్ అపోలో థియేటర్‌లో తొలిసారి ఆడింది. అప్పుడు కథానాయకుడు కెప్టెన్ స్టాన్‌హోప్ వేషం లారెన్స్ ఒలీవియేది. మరుసటి నెలలో సవాయ్ థియేటర్‌కు మారినప్పుడు అది కాలిన్ క్లైవ్‌కు దక్కింది. నాటకాన్ని నడిపించిన జేమ్స్ వేల్ సినిమాకూ దర్శకుడు, క్లైవే కథానాయకుడు. బ్రిటన్‌లో శబ్దగ్రహణ సదుపాయాలు ఇంకా కుదురుకోకపోవడంతో హాలీవుడ్‌లో టిఫనీ స్టూడియోలో తీశారు. (రంగస్థలాన్ని ఆసరా చేసుకోని తొలి టాకీ ఎక్కడుంది? మన 'భక్త ప్రహ్లాద'కూ సురభి నాటకమే పునాది.)

కథాకాలం మొదటి ప్రపంచయుద్ధంలో 1918 మార్చి, చోటు ఫ్రాన్స్‌లోని సెంట్ క్వెంటిన్ ఎదుట కందకంలోని నేలగది. నాటకం ఆ గది దాటదు. ట్రాటర్ అనే అధికారి ఆరు రోజులకు గంటకొకటి చొప్పున 144 సున్నాలు గీసి, గడిచిన గంటలను నల్లగా పూసుకుంటూ పోతాడు. శత్రు కందకంపై దాడి కూడా వేదికపై చప్పుళ్లుగానే తెలుస్తుంది. సినిమా కెమెరాను బయటికి తీసుకెళ్లింది. కనబడని దాడే ఎక్కువ భయపెడుతుందని మా అభిప్రాయం.

ఇక ప్రదర్శన సంగతి. ఆనాటి ఫిల్మ్‌పై ధ్వనిపట్టీ బొమ్మ పక్కన చోటు ఆక్రమించడంతో బొమ్మ దాదాపు చదరంగా, 1.19:1 నిష్పత్తిలో మిగిలేది. తర్వాత వచ్చిన 1.37 మాస్కు (ప్రొజెక్టరులో బొమ్మ అంచులు కప్పే చట్రం) పెడితే పైనా కిందా కోతే. పైకప్పు తక్కువగా ఉన్న గదిలో నిలబడ్డవాళ్ల తలలు ముందుగా పోతాయి. డిజిటల్ ప్రతిలో గుండ్రని వస్తువు కోడిగుడ్డులా కనిపిస్తే, బొమ్మను అడ్డంగా సాగదీశారన్నమాట.

వేగం సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. మూకీల వేగంతో తిప్పితే గొంతులు బరువెక్కి సాగుతాయి.

ఎక్కువ తప్పులు దొర్లేది నిశ్శబ్దం దగ్గర. రణగొణ తగ్గించే పరికరాలు స్టూడియోల్లో స్థిరపడకముందు తీసినది కాబట్టి, మాటలాగిన చోటల్లా బుసబుస వినిపిస్తుంది. చిరాకుపడి వాల్యూం తగ్గిస్తే తర్వాతి మెల్లని సంభాషణ వినబడకుండా పోతుంది. వాల్యూం కదపకుండా ట్రెబుల్ (సన్నని శబ్దాల స్థాయి) కొద్దిగా దించండి. ఫిరంగుల కోసం బాస్ (లోతు శబ్దాల స్థాయి) పెంచొద్దు. ఆ పట్టీలో అంత లోతు శబ్దమే లేదు, పెరిగేది గుయ్‌మనే హమ్ ఒక్కటే.