2024 పుస్తకానికి డబ్బు తీసుకుని 2014 పుస్తకం పంపడంపై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం.

మీ వెబ్‌సైట్‌లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, కథను డైస్‌లతో నడిపించే ఆట) నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2024 ఎడిషన్, దాంతోపాటు ఏడు డైస్‌ల సెట్టు ఒకటి ఆర్డర్ పెట్టాను. డబ్బు ముందే కట్టాను. పెట్టె విప్పితే అందులో 2014 నాటి పుస్తకం ఉంది. డైస్‌లు కూడా సరైనవి కావు. ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ వాళ్లు "విప్పేసిన బొమ్మలు వాపసు తీసుకోం మేడం" అన్నారు. బిల్లు, ఫొటోలు, మీ పేజీ స్క్రీన్‌షాట్ జతచేస్తున్నాను.

మీ పేజీలో 384 పేజీలని ఉంది. నాకు వచ్చింది 320 పేజీల పుస్తకం. ఈ సంగతి చెబితే "ఆట అదే కదా మేడం, పేరు కూడా అదే" అని జవాబు. ఆట పేరు అదే, నిజమే. సిలబస్ మారాక పాత టెక్స్ట్‌బుక్ చేతికిచ్చి "సబ్జెక్టు అదే కదా" అంటే ఏ పిల్లవాడైనా ఊరుకుంటాడా? ఒక్క ఉదాహరణ చెబుతాను. గాయాలు మాన్పే 'క్యూర్ వూండ్స్' మంత్రానికి పాత పుస్తకంలో ఎనిమిది ముఖాల డైస్ ఒకటి వేస్తారు, కొత్తదాంట్లో రెండు. చావుబతుకుల మధ్య ఉన్న పాత్రకు ఆ రెండో డైసే ప్రాణం. ఒకే బల్ల దగ్గర కొందరు పాత లెక్కతో, కొందరు కొత్త లెక్కతో కూర్చుంటే ఆట నడవదు, వాదనే నడుస్తుంది.

పైగా ఆ పాత పుస్తకం మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. అట్ట ఊడిపోయి, టీ మరకలు పడి, సెలోటేపుతో అతికించుకుని వాడుతున్నాం. దానికి తోడుగా ఇంకో కాపీ కోసం నేను ఇంత డబ్బు పెట్టలేదు. విజయవాడ ఏలూరు రోడ్డులో ఇన్ని పుస్తకాల షాపులున్నా ఇది నాకు ఎక్కడా దొరకలేదు కాబట్టే మీ దగ్గరికి వచ్చాను. "రూల్స్ ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాయి కదా" అని కూడా మీవాళ్లు సలహా ఇచ్చారు. దొరుకుతాయి. కానీ ఆ ఉచిత నియమాల్లో ఒక్కో క్లాస్‌కు (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకానికి) ఒక్క సబ్‌క్లాసే (అందులోని ప్రత్యేక శాఖే) ఉంటుంది. పుస్తకంలో 12 క్లాసులు, ఒక్కోదానికి నాలుగేసి సబ్‌క్లాసులు ఉంటాయి. డబ్బు పెట్టి కొనేది వాటికోసమే.

ఇక డైస్‌లు. పదుల డైస్, అంటే 00 నుంచి 90 వరకు ఉండేది, సెట్టులో లేదు. దాని బదులు 0 నుంచి 9 వరకు ఉండే డైస్‌లు రెండు వేశారు. దానికి ఎలాగో సర్దుకుంటాం. సర్దుకోలేనిది ఇరవై ముఖాల డైస్. మీరు పంపింది కార్డు ఆటల్లో 20 నుంచి ప్రాణాలు తగ్గించుకుంటూ లెక్క పెట్టుకోవడానికి వాడే రకం. అందులో 20 పక్కనే 19, దాని పక్కనే 18, అలా వరసగా అంకెలు ఉంటాయి. మామూలు డైస్‌లో 20 చుట్టూ 2, 8, 14 ఉంటాయి. పెద్ద అంకెలన్నీ ఒకే వైపు చేరకూడదనే అలా కలిపి వేస్తారు. మీ డైస్‌లో అవన్నీ ఒకే వైపు ఉన్నాయి. బాగా దొర్లిస్తే తేడా రాదని వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్లు మా మేనల్లుడు డైస్ వేసే తీరు చూడలేదు. "ఇరవై ముఖాలు ఉన్నాయా లేవా మేడం?" అని మీ అమ్మాయి అడిగింది. ఉన్నాయమ్మా, లెక్కపెట్టాను.

నేను ఫోన్ చేసిన ప్రతిసారీ "బాబు కోసమా మేడం?" అని అడుగుతున్నారు. నా కోసమే. మా గుంపులో ఆట నడిపించేది, అంటే డీఎం (డంజియన్ మాస్టర్), నేనే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చారు. ఇప్పుడు తాతలైనవాళ్లు కూడా ఆడుతున్నారు. ఇందులో గెలుపోటములు ఉండవు. నేను పరిస్థితి చెబుతాను, వాళ్లు ఏం చేస్తారో చెబుతారు, ఫలితం డైస్ తేలుస్తుంది. మొన్నటి కథలో వరద ముంచిన ఊళ్లో గాబ్లిన్ అనే ఒక చిన్న రాక్షసుణ్ని చంపుతారని నేను సిద్ధం చేసుకుంటే, మా మేనల్లుడు బేరమాడి వాణ్ని వంటవాడిగా కుదుర్చుకున్నాడు. నేను రాసుకున్న పేజీలన్నీ దండగ. ఇప్పుడు ఆ గాబ్లిన్‌కు ఏమైనా అయితే అందరూ నామీద పడతారు. ఇలాంటిది ఏ వీడియో గేమ్‌లోనూ నాకు దొరకలేదు.

ఇందులో కష్టమల్లా మనుషుల్ని ఒకచోట చేర్చడమే. స్టాఫ్ నర్సుగా చేసే స్నేహితురాలికి నైట్ డ్యూటీలు (ఆటలోనూ ఆవిడది క్లెరిక్ అనే పూజారి పాత్రే, అక్కడా ఇక్కడా గాయాలు మాన్పడమే పని). బ్యాంకులో చేసే ఆయనకు మార్చి నెలంతా ఊపిరాడదు. ఇంటర్ చదివే మేనల్లుడికి ఆదివారం కూడా కాలేజీలో పరీక్షే. వీటి మధ్యలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు. ఎలాగో అందరికీ కుదిరిన ఆదివారాన్ని, కొత్త పుస్తకం వస్తుందన్న నమ్మకంతో, పాత్రలను కొత్త నియమాల్లోకి మార్చుకోవడానికి పెట్టుకున్నాం. మీ పెట్టె చూశాక ఆ రోజు కాఫీలు తాగి ఇళ్లకు వెళ్లిపోయారు. మళ్లీ అందరికీ కుదిరే రోజు ఇంకా దొరకలేదు. దీనికి బదులు మీరు పంపింది తర్వాతి కొనుగోలుపై కూపన్.

బిల్లులో పుస్తకాన్నీ ఆటవస్తువు కిందే రాసి జీఎస్టీ వేశారు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. అదీ సరిచేయాలి.

పేజీలో చూపించినది ఒకటి, పంపినది ఇంకొకటి అయినప్పుడు వాపసు తీసుకోనని అమ్మేవారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. "విప్పిన బొమ్మలు" అన్న మీ షరతు ఇక్కడ చెల్లదు. పెట్టె విప్పకుండా లోపల ఏ పుస్తకం ఉందో నాకెలా తెలుస్తుంది?

అందుచేత 2024 పుస్తకం, సరైన ఏడు డైస్‌ల సెట్టు మీ ఖర్చుతో పంపి, పాతవి మా ఇంటి దగ్గరే తీసుకెళ్లండి. స్టాక్ లేకపోతే కూపన్ వద్దు, కట్టిన డబ్బు మొత్తం నా ఖాతాలో వేయండి. ఎక్కువగా తీసుకున్న జీఎస్టీ ఎలాగూ తిరిగివ్వాలి. ఈ లేఖ రాసే సమయానికి కూడా మీ పేజీలో అదే ఫొటో, అదే 384 పేజీలు కనిపిస్తున్నాయి. దాన్ని వెంటనే తీసేయండి, లేదా ఆ పుస్తకమే పంపండి. గడువులోగా జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయవాడ

జతచేసినవి: బిల్లు, పుస్తకం, డైస్‌ల ఫొటోలు, మీ పేజీ స్క్రీన్‌షాట్