పోస్టర్ అచ్చుకు వెళ్లకముందే డబ్బు అందాలి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రసాయనశాస్త్రం బోధిస్తూ పరిశోధక విద్యార్థులకు మార్గదర్శకులుగా ఉన్నవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. పీహెచ్‌డీ మొదటి రెండు మూడేళ్లలో ఉన్న మా పిల్లలు జాతీయ సదస్సుల్లో తమ పనిని పోస్టర్‌గా, అంటే ఫలితాలన్నీ ఒక పెద్ద కాగితం మీద అచ్చువేసి, దాని ముందు నిలబడి వివరిస్తూ, చూపించుకోవడానికి ప్రభుత్వ సాయం కావాలి. మేం అడిగే మొత్తం చిన్నదే. అది ఏ రోజు చేతికొస్తుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

సదస్సు ఖర్చు సదస్సు జరిగే రోజుల్లో రాదు. అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపే గడువు సాధారణంగా మూడు నాలుగు నెలల ముందే ముగుస్తుంది. అంగీకరించినట్టు మెయిల్ ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వస్తుంది. ఆ తర్వాత పది పదిహేను రోజులే తక్కువ రుసుముతో రిజిస్ట్రేషన్. అది దాటితే ఫీజు పెరుగుతుంది, చాలాచోట్ల దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా. రైల్వే వాళ్లు 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్‌ను 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు కాబట్టి టికెట్ తీయాల్సిందీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. పైగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సదస్సుల కాలం. సంక్రాంతికి అటూ ఇటూ ఒంగోలు, నెల్లూరు మీదుగా పోయే బళ్లలో ఆలస్యం చేసినవాళ్లకు దొరికేది వెయిటింగ్ లిస్టే. అంటే నాలుగింట మూడు వంతుల డబ్బు అంగీకారపు మెయిల్ వచ్చిన రెండు వారాల్లో కట్టేయాలి.

ఇప్పటి పద్ధతి దీనికి తలకిందులుగా ఉంది. ముందు వెళ్లి రావాలి. తర్వాత టికెట్లు, రసీదులు, హాజరు పత్రం జతచేసి ఫైలు పెట్టాలి. అది నాలుగు బల్లలు దాటి బిల్లు పాసైతే అప్పుడు డబ్బు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తోంది. వాళ్లు ఎలాగో సర్దుకుంటారు. ఏ ఫెలోషిప్పూ లేకుండా, సాయంత్రం ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ పరిశోధన సాగించేవాళ్లు అబ్‌స్ట్రాక్టే పంపరు. అందుకే తిరస్కరించిన దరఖాస్తుల్లో ఈ సమస్య మీకు కనిపించదు. దరఖాస్తే పెట్టనివాళ్ల దగ్గర ఉంది అది.

మా అంచనా ప్రకారం దక్షిణాదిలో మూడు రోజుల సదస్సుకు ఒక విద్యార్థికి రిజిస్ట్రేషన్, రానుపోను థర్డ్ ఏసీ, మూడు రాత్రుల బస, భోజనం, పోస్టర్ అన్నీ కలిపి 12,000 రూపాయలు చాలు. అంగీకారపు మెయిల్, గైడ్ సంతకం ఉన్న ఒక పేజీ దరఖాస్తు ఆధారంగా ఆ రెండు వారాలు దాటకముందే ఈ మొత్తాన్ని విద్యార్థి ఖాతాలో అడ్వాన్సుగా వేయాలి. తిరిగొచ్చిన 30 రోజుల్లో బిల్లులు, పోస్టర్ పీడీఎఫ్, అక్కడ అడిగిన ప్రశ్నలపై ఒక పేజీ నివేదిక తీసుకోవాలి. ఇవ్వనివారికి మరుసటి సాయం ఆపవచ్చు. ఎగవేత భయం ఉంటే ఆ ఒక్క షరతు సరిపోతుంది.

డబ్బు ఆలస్యమైతే నష్టం ఎక్కడ మొదలవుతుందో పోస్టర్ దగ్గరే చూడొచ్చు. ఏ0 సైజు అంటే 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1,189 మిల్లీమీటర్ల పొడవు. అంటే ఒక చదరపు మీటరు, దాదాపు పదకొండు చదరపు అడుగులు. చివరి రోజు చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ట్రంకు రోడ్డులో ఫ్లెక్సీ షాపుకు వెళతారు. అక్కడి మెషీను దూరం నుంచి చూసే బ్యానర్ల కోసం పెట్టింది. డెబ్బై రెండు డీపీఐకి (అంగుళానికి 72 చుక్కలకు) తగ్గించి ముద్రిస్తే ఫార్ములాల్లో కింద రాసే చిన్న అంకెలు అలుక్కుపోతాయి. షాపులో పీడీఎఫ్‌ను కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తారు. పీడీఎఫ్‌లో ఫాంట్లు పొందుపరచకపోతే గ్రీకు అక్షరాలు మారిపోతాయి. డెల్టా కాస్తా ‘డి’ అవుతుంది, మైక్రోగ్రాము ‘ఎం’ గుర్తుతో మిల్లీగ్రాముగా అచ్చవుతుంది. నీటిలో కలుషితాల గురించి చెప్పే పోస్టర్‌లో అది వెయ్యి రెట్ల తప్పు. ఫాంట్లు పొందుపరిచిన పీడీఎఫ్ ఇచ్చి, దిగుమతి చేసేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చే ‘టెక్స్ట్ యాజ్ కర్వ్స్’ ఎంచుకోమని చెప్పి, సగం సైజులో ఒక ముక్క ప్రూఫ్ తీయించుకుంటే ఈ తప్పు దొరికిపోతుంది. కానీ దానికి ఒక రోజు వ్యవధి కావాలి.

అణునిర్మాణాల బొమ్మల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. అణువుల బొమ్మలు గీసే కెమ్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అందరూ వాడే ఏసీఎస్ (అమెరికన్ కెమికల్ సొసైటీ) 1996 అమరికలో బంధం పొడవు 14.4 పాయింట్లు, గీత మందం 0.6 పాయింటు, అక్షరాలు 10 పాయింట్లు. అది పత్రిక కాలమ్‌కు సరిపోయే కొలత. ఒకటిన్నర మీటరు దూరంలో నిలబడి చదవాలంటే అన్ని బొమ్మలనూ ఒకే శాతంతో, కనీసం మూడు రెట్లు పెంచాలి. కాపీ చేసి అతికించిన చిత్రాన్ని మూలపట్టి లాగితే గీతలు మసకబారతాయి. ఒక్కో అణువు ఒక్కో సైజులో కనిపిస్తుంది. అసలు ఫైలులోనే స్కేలు మార్చి పెంచినా మసకబారని వెక్టర్ రూపంలో ఎగుమతి చేయాలి. ఇక నార్మల్ ఫ్లెక్సీ బరువెక్కువ. పైన నాలుగు పిన్నులు గుచ్చితే పది నిమిషాల్లో జారిపోతుంది. మ్యాట్ ఫినిష్ మందపాటి కాగితం గానీ, మడిచినా మడత పడని గుడ్డ మీద ముద్రణ గానీ నయం. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఒకటి, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంలో ఒకటి చొప్పున 36 అంగుళాల రోల్ పట్టే ఇంక్‌జెట్ ప్లాటర్ (పెద్ద సైజు ప్రింటర్) పెట్టించండి. ఏ0 వెడల్పు 33 అంగుళాలే కాబట్టి అది చక్కగా సరిపోతుంది. భౌతిక, జీవశాస్త్రాల వాళ్లకూ పనికొస్తుంది.

పోస్టర్ ఎంత బాగున్నా దాని ముందు నిలబడ్డ మనిషి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మన ప్రాంతపు పనినే ఉదాహరణగా తీసుకుందాం. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచే పని ఇక్కడి విద్యార్థులు చాలామంది చేస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్యం, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. పోస్టర్ మీద 2.8 అని ఉంటే చూసేవాళ్లు ఆ అంకెను మెచ్చుకుని వెళ్లిపోరు. “టిసాబ్ ఎంత కలిపారు, పీహెచ్ ఎంత ఉంది?” అంటారు. టిసాబ్ అంటే కొలిచే ముందు నమూనాకు కలిపే ద్రావణం, పీహెచ్ అంటే నీటి ఆమ్ల, క్షార స్థాయి. ఫ్లోరైడ్‌ను కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ స్వేచ్ఛగా ఉన్న ఫ్లోరైడ్ అయాన్లనే చూస్తుంది. పీహెచ్ 5 కంటే తగ్గితే కొంత ఫ్లోరైడ్ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి లెక్కలోకి రాదు. బాగా పెరిగితే హైడ్రాక్సైడ్ అయాన్లను కూడా ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్ అనుకుంటుంది. అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతాయి. నమూనాకు సమానంగా టిసాబ్ కలిపితే పీహెచ్ 5 నుంచి 5.5 మధ్య నిలుస్తుంది, అయాన్ల బలం ఒకే తీరుగా ఉంటుంది, అందులోని సీడీటీఏ అనే పదార్థం ఆ లోహాల నుంచి ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. తర్వాతి ప్రశ్న: “స్లోపు (గాఢత మారేకొద్దీ ఎలక్ట్రోడ్ వోల్టేజి మారే తీరు) ఎంత వచ్చింది?” 25 డిగ్రీల దగ్గర గాఢత పదిరెట్లు మారితే 59 మిల్లీవోల్టుల దాపున మార్పు రావాలి. 50కి పడిపోతే ఎలక్ట్రోడ్‌ను శుభ్రం చేయాలి, లేదా ప్రమాణ ద్రావణాలను కొత్తగా చేసుకోవాలి. “నమూనా ఎందులో పట్టారు?” గాజు సీసా అయితే మాట అక్కడే తేలిపోతుంది, పాలిథిన్ సీసా వాడాలి. చివరగా, కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎందుకు పెరుగుతుందని అడుగుతారు. కాల్షియం ఫ్లోరైడ్ కరిగే తీరుతో దాన్ని వివరించగలిగిన విద్యార్థికి బహుమతి రాకపోయినా, పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు) పిలిచేవాళ్లు దొరుకుతారు.

రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ మందుల అవశేషాల మీద పనిచేసేవాళ్లదీ అంతే. ఐరోపా సమాఖ్య 2022 నవంబరు 28 నుంచి ఈ అవశేషాల పరిమితిని కిలోకు 1 మైక్రోగ్రాము నుంచి 0.5కు తగ్గించింది. ఆ అవశేషాల్లో ఒకటైన సెమీకార్బజైడ్ రొయ్య పెంకులో సహజంగానూ ఉండవచ్చు కాబట్టి, పెంకు పూర్తిగా తీసి కండను మాత్రమే తీసుకున్నారా అన్నది మొదట ఎదురయ్యే ప్రశ్న.

ఇంట్లో, తరగతిలో తెలుగులో ఆలోచించే పిల్లలు విషయం తెలిసీ ఇక్కడ నీళ్లు నములుతారు. ఎవరూ ముందుగా ఆ ప్రశ్నలు వేయకపోవడమే దీనికి కారణం. అందుకే రెండో విన్నపం. ఏటా అక్టోబరు చివర్లో ఒక శనివారం, ఒక ఏడు కాకుటూరులో, మరో ఏడు ఒంగోలులో, రెండు విశ్వవిద్యాలయాల పరిశోధకులకు ఉమ్మడిగా పోస్టర్ల అభ్యాసం పెట్టించండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాల వివరణ, ఐదు నిమిషాల ప్రశ్నలు. సొంత గైడ్ ప్రశ్న అడగకూడదు. ఏ4 కాగితం మీద తీసిన చిన్న పోస్టర్ చాలు, ఎందుకంటే తప్పులు దిద్దుకోవాల్సింది ఇప్పుడే. వేదిక, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన ఏవీ వద్దు. ఆ సమయం కూడా పిల్లలకే ఇవ్వాలి.

కొత్త అణువులు తయారుచేసేవాళ్ల కష్టం వేరు. అణువు నిర్మాణాన్ని తేల్చే ఎన్ఎంఆర్ పరీక్ష కోసం నమూనాను చెన్నైకో, హైదరాబాదుకో, తిరుపతికో పంపాలి. ప్రోటాన్ వర్ణపటానికి 5 నుంచి 10 మిల్లీగ్రాములు, కార్బన్‌కు 20 నుంచి 30 మిల్లీగ్రాములు పొడిగానే పంపాలి. ఆ పరీక్షకు వాడే ద్రావణి డ్యూటరేటెడ్ క్లోరోఫాంలో కరిగించి పంపితే, అందులో నిలవకు పుట్టే ఆమ్లానికి సున్నితమైన అణువులు విరిగిపోతాయి. ఆయిల్ వాక్యూమ్ పంపు మీద సరిగ్గా ఆరబెట్టకపోతే నమూనాలో మిగిలిన ద్రావణి ఇథైల్ ఎసిటేట్ శిఖరాలు కూడా వర్ణపటంలో కనబడతాయి. ఫలితం రెండు మూడు వారాలకు గానీ రాదు. తప్పుంటే మళ్లీ అన్ని వారాలు. కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్ ద్వారా ఇతర సంస్థల పరికరాలను బుక్ చేసుకునే వీలు 2020 నుంచి ఉంది. రుసుము కట్టేందుకు విభాగాధిపతికి చిన్న రివాల్వింగ్ ఫండ్ (వాడిన మేరకు తిరిగి నింపే నిధి) ఉంటే చాలు. ఒక్కో నమూనాకు ఒక్కో ఫైలు నడిపే పద్ధతిని ఆపించండి.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2016 నిబంధనలు పీహెచ్‌డీ సమర్పణకు ముందు సదస్సుల్లో రెండు పత్రాలు సమర్పించడాన్ని తప్పనిసరి చేశాయి. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. షరతు ఉన్నన్నాళ్లు డబ్బు కడితే సర్టిఫికెట్ ఇచ్చే సదస్సులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. వాటికి ఈ సాయం అందకూడదు. పోస్టర్‌కు కేటాయించిన సమయం, అబ్‌స్ట్రాక్ట్ పరిశీలించే కమిటీ పేర్లు, గత సదస్సు కార్యక్రమ వివరాలు బహిరంగంగా లేనిచోటికి దరఖాస్తు తిరస్కరించవచ్చు. భారత రసాయన పరిశోధన సంఘం ఏటా నిర్వహించే జాతీయ సింపోజియం లాంటివాటికి మాత్రం అబ్‌స్ట్రాక్ట్ ఆమోదమైతే ప్రశ్నలు లేకుండా పంపాలి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. సదస్సు నిర్వాహకులు ఇచ్చే హాస్టల్ గదులు ముందు వచ్చినవాళ్లకు అయిపోతాయి. అడ్వాన్సు ఆలస్యమైతే ఊరుకాని ఊళ్లో బయట లాడ్జి వెతుక్కోవాలి, ఇంట్లోవాళ్లు అక్కడితో ప్రయాణం ఆపేస్తారు. బస మొత్తాన్ని వాళ్లకు కొంత పెంచడం, ఒకే సదస్సుకు వెళ్లే ఇద్దరు ముగ్గురిని కలిపి మంజూరు చేయడం అవసరం.

ఈ ఏడాది సదస్సుల కాలానికి అందాలంటే ఉత్తర్వు సెప్టెంబరు లోపు రావాలి, నిధి పద్దు విశ్వవిద్యాలయాల ఆర్థికాధికారులకు అక్టోబరు మొదటివారానికల్లా చేరాలి. దరఖాస్తు నమూనా, ఖర్చుల పట్టిక, సదస్సుల ఎంపిక నియమాల ముసాయిదాను మేం రాసి ఉన్నత విద్యామండలికి పంపడానికి సిద్ధంగా ఉన్నాం. ఏ తేదీలోగా పంపమంటారో తెలియజేయగలరు.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల రసాయనశాస్త్ర అధ్యాపకులు