ఆ ట్యూబు వెనుకవైపు ఫోటో పంపు తల్లీ

తెనాలి,
కనుమ నాటి రాత్రి.

చిరంజీవి ప్రసన్నకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. పండుగ బాగా గడిచింది. బుజ్జి పిల్లలతో వచ్చి ఈ సాయంత్రమే బయలుదేరి వెళ్లాడు. నాయనమ్మ ఈసారి కూడా అరిసెల పాకం తానే చూసింది. భోగి మంట దగ్గర కూర్చుని, అమెరికాలో మీ మినియాపోలిస్‌లో మైనస్ 18 డిగ్రీలని నువ్వు చెప్పిన మాట అందరికీ చెబితే, అంత చలిలో పిల్ల తలస్నానం ఎలా చేస్తుందని ఆమె రెండు రోజులుగా అడుగుతూనే ఉంది.

ధనుర్మాసం మొదలైన నాటి నుంచి నువ్వు ఫోనులో మొహం చూపించలేదమ్మా. మొదట నెట్ సరిగా లేదన్నావు, తరువాత కెమెరా పాడైందన్నావు, ఆ పైన పరీక్షలన్నావు. నేను నమ్మాను. అయితే భోగి ముందు రోజు బోసు రోడ్డులో నీ రూమ్మేటు వాళ్ల అమ్మగారు కనిపించి, "మేము పంపిన ట్యూబు మీ అమ్మాయికి బాగా పనిచేసిందటండీ, నాలుగు రోజుల్లో మొటిమలన్నీ పోయాయట" అని సంతోషంగా చెప్పారు. ఆవిడ మంచి మనసుతోనే పంపారు, ఆవిడను ఒక్క మాట కూడా అనవద్దు. కానీ నాలుగు రోజుల్లో మొటిమలను మాయం చేసే ట్యూబు ఏమై ఉంటుందో, ముప్ఫై ఏళ్లుగా మందుల కొట్టులో కూర్చున్న నాకు ఒకరు చెప్పనవసరం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, దాని సంగతి తరువాత రాస్తాను. ముందు నీ చర్మానికి అక్కడ ఏమవుతోందో చెప్పనీ. తెనాలి గాలిలో పెరిగిన పిల్లవు నువ్వు. ఇక్కడ డబ్బా మూత తీసి ఉంచితే జంతికలు సాయంత్రానికి మెత్తబడతాయి. అక్కడ వారం రోజులు మూత లేకుండా ఉంచినా కరకరలాడుతూనే ఉన్నాయని నువ్వే అన్నావు గుర్తుందా? అంత చలిలో గాలి పట్టి ఉంచుకోగలిగిన తేమే బహు స్వల్పం. ఆ గాలినే హీటరు వేడిచేసి మీ గదిలోకి వదిలితే, తేమ పెరగకుండా వేడి మాత్రమే పెరిగి, ఆ గాలి దొరికిన చోటి నుంచల్లా తడిని లాగేసుకుంటుంది. అలా లాగేది నీ బుగ్గల నుంచీ పెదవుల నుంచీ కూడా. చర్మం పైపొరలో కణాల మధ్య ఇటుకల నడుమ సున్నంలాగా కొవ్వు పదార్థాలు ఉంటాయి. అవి తగ్గితే చర్మం బిగుసుకుపోతుంది, పొట్టు రేగుతుంది, నీళ్లు తగిలినా మండుతుంది. అంతమాత్రాన లోపలి జిడ్డు గ్రంథులు పని మానుకోవు. పైన రేగిన మృతకణాలు రోమకూపాల నోళ్లను మూసేస్తే జిడ్డు లోపలే చిక్కుకుపోయి, అక్కడ ఉండే సూక్ష్మజీవులు పెరిగి, వాచి, మొటిమ అవుతుంది. మొహం ఎండిపోతుంటే మొటిమలు ఎలా వస్తున్నాయని నువ్వు నవంబరులో మీ అమ్మను అడిగావు కదా, అందుకు జవాబు ఇదీ.

అప్పుడే నాతో చెప్పి ఉంటే బాగుండేది. మీ అమ్మ నీకు సున్నిపిండితో గట్టిగా రుద్దుకోమని చెప్పిందట. నేను ఆమెతో మాట్లాడాను. సున్నిపిండి భోగినాటి తలంటుకు ఒంటికి బాగుంటుంది కానీ, పొట్టు రేగిన మొహం మీద రుద్దితే పైపొర ఇంకా చెడుతుంది. సబ్బు కూడా మొహానికి వద్దు. మామూలు స్నానపు సబ్బుకు క్షారగుణం ఎక్కువ, దాన్ని కొలిచే పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర ఉంటుంది. నురుగు తక్కువగా వచ్చే, సువాసన లేని ఫేస్‌వాష్‌తో ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి కడుక్కుంటే చాలును. ఆ దేశంలో పొగలు కక్కే నీళ్ల కింద అరగంట నిలబడాలనిపించడం సహజమే, కానీ ఆ వేడి చర్మంలోని కొవ్వును కరిగించి తీసుకుపోతుంది కనుక గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో ముగించు. మెత్తని తువ్వాలుతో అద్దుకుని, ఇంకా తడి ఉండగానే, రెండు మూడు నిమిషాలలోపే, మాయిశ్చరైజరు రాయి. గ్లిసరిన్, సెరమైడ్లు (ఇందాక చెప్పిన సున్నంలాంటి కొవ్వులు) ఉన్నది, రోమకూపాలను మూయదని డబ్బా మీద రాసి ఉన్నది చూసి కొను. మొటిమలున్నాయి కదా, ఇంకా జిడ్డు ఎందుకని మాయిశ్చరైజరు మానేసేవాళ్లను కొట్టులో ఎందరినో చూశాను. వాళ్ల మొహాలే ఎక్కువ మండుతుంటాయి. కొబ్బరినూనె మొహానికి రాయవద్దు, అది రోమకూపాలను మూసే రకం. తలకు రాసుకుంటే జుట్టు వెనక్కి కట్టుకుని, నుదుటి మీదికి జారకుండా చూసుకో. పెదవులకూ మడమలకూ పెట్రోలియం జెల్లీ చాలును.

నీ ఉన్ని టోపీ నుదుటికి రాసుకుంటుందని గుర్తొచ్చి, మీ అమ్మ పాత నూలు చీర కొంగుతో లోపలి గుడ్డ కుట్టింది. ఆరు దిండు గలీబులు కూడా పంపుతున్నాము. మూడు రోజులకొకటి మార్చు, మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డను వారానికొకసారి ఉతుకు.

ఇక ఆ ట్యూబు సంగతి. మీ పద్మక్క సంగతి నీకు సగమే తెలుసు, మిగతా సగం నేను ఎవరికీ చెప్పలేదు. 2009లో మాఘమాసంలో దాని పెళ్లి. పెళ్లికి నెల ముందు కొట్టుకు వచ్చి, స్నేహితురాలు వాడుతోందని ఒక పూతమందు పేరు చెప్పింది. అందులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ ఉంటాయి. మొమెటసోన్ స్టెరాయిడ్. నాకు ఆ విషయం తెలుసు. రోజూ పదిమంది అడిగి తీసుకునే మందే కదా, మేనకోడలు నోరు తెరిచి అడిగింది కదా అని డాక్టరు చీటీ లేకుండానే నా చేత్తో ఇచ్చాను. డబ్బులు కూడా తీసుకోలేదు. పది రోజులకు మొటిమలు అణిగిపోయాయి, మొహం నిగనిగలాడింది, పెళ్లిలో అందరూ పెళ్లికళ అన్నారు. పెళ్లయ్యాక ట్యూబు అయిపోయి రాయడం మానేసింది. వారం తిరక్కుండానే మొహమంతా ఎర్రబారి, మంటలు పుట్టి, మొదట లేని చోట్ల కూడా సన్నని పొక్కులు లేచాయి. భయపడి అత్తగారి ఊళ్లోనే మళ్లీ కొని రాసింది, తగ్గింది. మానితే మళ్లీ వచ్చింది. అలా ఏడు నెలలు గడిచాక శ్రావణమాసంలో ఇంటికి వస్తే, బుగ్గల మీద సన్నని ఎర్రని నరాలు పైకి కనిపిస్తున్నాయి, చెంపల మీద వెంట్రుకలు పెరిగాయి. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది, ఎండలోకి అడుగు పెట్టలేకపోయేది. నేనే గుంటూరులో చర్మవైద్యుని దగ్గరికి తీసుకుని వెళ్లాను. ఆయన ఆమె మొహం చూసి, ట్యూబు పేరు విని, "ఎవరమ్మా నీకు ఇది ఇచ్చింది?" అని అడిగారు. పద్మ నా వైపు చూసింది కానీ నా పేరు చెప్పలేదు. స్నేహితురాలు ఇచ్చిందని చెప్పింది. ఆ చర్మం కుదుటపడడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ నరాలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

స్టెరాయిడ్ మొటిమను మాన్పదమ్మా. రక్తనాళాలను కుదించి, ఎరుపునూ వాపునూ అణచివేస్తుంది, ఆ నాలుగు రోజులు మనకు నయమైనట్లు కనబడుతుంది. లోపల చర్మాన్ని పలచన చేస్తుంది. మానగానే అణచి ఉంచినదంతా రెట్టింపుగా పైకి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన తెచ్చింది. నేను పద్మ మొహం చూసిన రోజు నుంచే మానుకున్నాను. అయినా నా కూతురి చేతికి అటువంటి ట్యూబే చేరిందేమోనన్న ఆలోచనను తట్టుకోలేకపోతున్నాను.

అందుకని ట్యూబు వెనుకవైపు, మందుల పేర్లు చిన్న అక్షరాలతో ఉన్నవైపు, ఫోటో తీసి పంపు. పేరు చివర "సోన్" అనో "సాల్" అనో ఉంటే, ఎన్ని రోజులు రాశావో కూడా రాయి. నాలుగైదు రోజులే అయితే ఈ రాత్రికే పక్కన పెట్టు. మూడు నాలుగు వారాలు దాటి ఉంటే నీ అంతట నువ్వు మానేసి ఆ మంటకు భయపడి మళ్లీ రాయకుండా, మీ యూనివర్సిటీ క్లినిక్‌కు వెళ్లి ట్యూబు చూపించి, ఎలా మానాలో వాళ్లనే అడుగు.

మొహం కుదుటపడ్డాక మొటిమలకు అసలైన మందు వాడుదువుగాని. అడపలీన్ 0.1 శాతం జెల్ మీ దేశంలో 2016 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. అయినా క్లినిక్‌లో ఒక మాట అడిగే మొదలుపెట్టు. శనగగింజంత తీసుకుని, రాత్రిపూట, ఒక్కొక్క మొటిమ మీద కాకుండా మొహమంతా పలచగా రాయాలి. మొదట్లో రాత్రి విడిచి రాత్రి, అదీ మాయిశ్చరైజరుతో కలిపి. మొటిమలోని సూక్ష్మజీవులను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ రాయమంటే 2.5 శాతానిది చాలును, అంతకన్నా ఎక్కువది మంటను పెంచుతుందే తప్ప మేలు పెంచదు. అది గుడ్డలను తెల్లబరుస్తుంది కనుక ఆ రోజులకు పాత గలీబు వాడు. ఏ మందైనా ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మంచు మీద ఎండ తిరిగి మొహానికి కొడుతుంది కనుక పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ మానవద్దు. గోటితో గిల్లవద్దు, మన ఛాయ చర్మంలో ఆ మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. నిమ్మరసం, టూత్‌పేస్టు వంటివి పెట్టవద్దు. కూల్‌డ్రింకులూ తీపి బిస్కట్లూ తగ్గించి వేళకు అన్నం వండుకుని తిను.

చాలా రాశాను, నీకు విసుగు పుట్టి ఉంటుంది. పార్సిల్ సోమవారం వేస్తాను.

ఆదివారం మీకు ఉదయం తొమ్మిదయ్యేసరికి మాకు రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. నేను కొట్టు కట్టేసి ఇంట్లోనే ఉంటాను, నాయనమ్మను నిద్రపోనివ్వను. కెమెరా పెట్టు తల్లీ. మొహం ఎర్రగా ఉన్నా, పొట్టు రేగి ఉన్నా సరే, దీపం కిందికి వచ్చి కూర్చో, నేను చూడాలి.

ఇట్లు,
నాన్న.

తా.క. ఫోటో మాత్రం ఆదివారం దాకా ఆపకుండా ఈ ఉత్తరం చదవగానే పంపు.