రెండో ప్రశ్న

ప్రియ మిత్రమా,

కిందటి ఆదివారం మనం ఫోనులో చాలాసేపే మాట్లాడుకున్నాం. ఎండలు, పిల్లల చదువులు, నీ మోకాలి నొప్పి, నా బదిలీ అన్నీ వచ్చాయి కానీ, ఫోను పెట్టేశాక నీతో మాట్లాడినట్టే అనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

కుశల ప్రశ్నలు వద్దని నేను అనను. "ఎందాకా?", "అన్నం తిన్నావా?" అని అడిగేవారికి జవాబుతో పెద్ద పనేమీ ఉండదు, ఎదుటి మనిషి తమ కంటికి ఆనాడని తెలియజేయడమే ఆ మాటల పని. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే ఈ సంగతి గుర్తించి, ఇలాంటి పలకరింపులు మనుషుల మధ్య బంధాన్ని నిలిపే మాటలని రాశాడు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండానే వెనుదిరగడం దగ్గరే నాకు బాధ.

మొన్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వస్తున్నప్పుడు ఎదుటి సీటులో ఒక పెద్దాయన కూర్చున్నారు. ఊరు, ఉద్యోగం, పిల్లలెందరు అన్న లోకాభిరామాయణం తుని దాటకముందే అయిపోయి, ఇద్దరం ఎవరి ఆలోచనల్లో వాళ్లం ఉండిపోయాం. రాజమండ్రి దాటి రైలు వంతెన ఎక్కగానే ఆయన జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి, కిటికీ ఊచల మధ్య నుంచి ఒకదాని తరువాత ఒకటి విసిరి, "ఒకటి నాది, ఒకటి మా ఆవిడది" అన్నారు. ఎప్పటిలాగే తలాడించి ఫోను తీయబోయిన నేను, ఎందుకో ఆగి, "ఆవిడ కూడా ఇలాగే వేసేవారా అండీ?" అని అడిగాను. సామర్లకోట దాటినప్పటి నుంచీ ఆవిడ బిళ్లను గుప్పిట్లో బిగించి పట్టుకునేదట. వంతెన వచ్చేసరికి అది వెచ్చబడేదట. ఒక్కోసారి ఆ బిళ్లను ఆయన చేతిలో పెట్టి మరీ తీసుకునేదట. ఏలూరు వచ్చేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు. ఆ తరువాత, "ఇప్పుడు మీరు చెప్పండి" అన్నారు.

షికాగో విశ్వవిద్యాలయంలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన పరిశోధన నాకు అప్పుడు గుర్తొచ్చింది. పక్కనున్న కొత్తవారితో మాట్లాడితే ప్రయాణం అంత బాగుండదని అక్కడి రైలు ప్రయాణికులు అనుకున్నారు. తీరా చూస్తే, మాట్లాడమని పరిశోధకులు ఎవరిని కోరారో వారే తమ ప్రయాణం ఎక్కువ హాయిగా సాగిందని చెప్పారు. 1997లో ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పరిచయం లేని వ్యక్తులను జంటలుగా కూర్చోబెట్టి, తేలికగా మొదలై క్రమంగా లోతుకు దిగే 36 ప్రశ్నలను 45 నిమిషాల పాటు ఇచ్చింది. పైపై కబుర్లతో గడిపిన జంటల కంటే వీళ్లు ఎక్కువ దగ్గరయ్యారు. ఇద్దరూ జవాబు చెప్పాలన్న నియమమే అందులో నాకు బాగా నచ్చింది. ఒకరే చెప్పి మరొకరు వింటూ కూర్చుంటే అది వాంగ్మూలమవుతుంది.

అందుకే ఆ పెద్దాయనకు నేనూ చెప్పాను, నీకు చెప్పవలసినదే. మీ అమ్మ పోయినప్పుడు మీ ఇంటికి వచ్చి, బంధువులంతా వచ్చారా, భోజనాల ఏర్పాట్లు ఎవరు చూస్తున్నారు అని అడిగి, నీ ముఖంలోకి చూడడానికి భయపడి వెళ్లిపోయాను. అప్పటికి మా నాన్న పోయి ఏడాది కూడా కాలేదు; నువ్వు ఏడిస్తే నేను నిలబడలేనేమోనని నా భయం. హాస్టల్ నుంచి మనం వెళ్లినప్పుడల్లా అమ్మ నన్ను "తిన్నావా నాన్నా?" అని అడిగి, తిన్నానన్నా ఊరుకోక, "ఎందుకలా ఉన్నావు?" అని గెడ్డం పట్టుకుని చూసేది. ఆ రెండో ప్రశ్న నేను నిన్ను అడగలేకపోయాను.

ఇప్పుడు అడుగుతున్నాను. చివరి నెలల్లో అమ్మ నీతో ఏం మాట్లాడేది? ఆసుపత్రిలో ఆ రాత్రులన్నీ నువ్వొక్కడివే ఎలా గడిపావు? రాయగలిగితే రాయి. రాయడం కష్టమనిపిస్తే ఒక్క మాట చెప్పు, శనివారం రాత్రి బస్సుకి నేనే బయలుదేరి వస్తాను.

నీ
స్నేహితుడు