మతిమరుపు లేని డిమెన్షియా

సంపాదకులకు,

యాభై అయిదేళ్ల మనిషి బీసెంట్ రోడ్డులో మిఠాయి కొట్టులోకి వెళ్లి డబ్బివ్వకుండానే లడ్డూ నోట్లో వేసుకుంటాడు. చావింట్లో జోకులేస్తాడు. భార్యకు జ్వరమొచ్చినా పట్టదు. ఇంట్లోవాళ్లు ‘బుద్ధి గడ్డి తింది’ అనుకుంటారు, లేదా తాయెత్తు కట్టిస్తారు. ఇది ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా, అంటే నుదుటి వైపు, కణతల వైపు మెదడు క్షీణించే జబ్బు, కావచ్చు. ఎక్కువగా 45-65 ఏళ్ల మధ్య మొదలవుతుంది.

ఎదుటివారి బాధను, ఆ క్షణానికి ఏది ముఖ్యమో పసిగట్టేది మెదడులోని ఇన్సులా, ముందరి సింగ్యులేట్ అనే భాగాలు కలిసిన వలయం. ముందుగా దెబ్బతినేది అదే. కళ్లగూళ్ల పైనుండే ఆర్బిటోఫ్రంటల్ భాగం పాడైతే తనను తాను ఆపుకొనే శక్తి పోతుంది. తారీఖు, ముఖ్యమంత్రి పేరు మాత్రం ఠక్కున చెబుతాడు! కాబట్టి 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్షలో 28 వచ్చినా జబ్బు లేదని పంపేయకూడదు. తనలో మార్పు రోగికి తెలియదు, ఇంట్లోవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగాలి. వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికి రక్తంలో థైరాయిడ్, విటమిన్ బి12 చూడాలి. ఎమ్మారైలో నుదుటి వైపు, కణతల వైపు మెదడు కుంచించుకుపోయిందేమో రేడియాలజిస్టును ప్రత్యేకంగా అడగాలి.

అల్జీమర్స్‌కు ఇచ్చే డొనెపెజిల్ ఇందులో పనిచేయదు సరికదా, కొందరిలో చిరాకు పెంచుతుంది. డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలీన్ లాంటివి కొంత నయం. మందుకన్నా ముందు ఫోన్‌లో యూపీఐ పరిమితి తగ్గించండి, బండి తాళాలు, తీపి డబ్బాలు దాచేయండి. వాదించి లాభం లేదు.

— నాడీవైద్యులు, గుంటూరు