తల దిండుకు ఆనకముందే

విజయవాడ,
ఆదివారం

అమ్మలూ,

మొన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. "రెండుసార్లు పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేశాను, రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటున్నాను, అయినా ఏమీ జరగట్లేదు నాన్నా" అన్నావు. ఇంకెవరో "చేయాల్సింది ఏమీ లేదు, నువ్వు ముందే బుద్ధుడివి, ఈ సాధనే నీకు అడ్డం" అన్నారనీ చెప్పావు. ఎవరి మాట వినాలో తెలియక ఏడ్చావు. అప్పుడు నాకు మాట పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

ఈ తగువు నీతో మొదలైంది కాదు. ఎనిమిదో శతాబ్దం చివర్లో టిబెట్‌లోని సామ్యే మఠంలో దీని మీదే పెద్ద వాదం జరిగిందంటారు. మన దేశం నుంచి వెళ్ళిన కమలశీలుడు సాధన మెట్టు మెట్టుగా సాగాలన్నాడు. చైనా భిక్షువు మొహెయాన్ ఆలోచనలు ఆగితే చాలు, మెలకువ, అంటే జ్ఞానోదయం, ఒక్కసారిగా వస్తుందన్నాడు. టిబెట్ గ్రంథాలు కమలశీలుడు గెలిచాడంటాయి. దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన చైనా గ్రంథం మొహెయాన్‌దే గెలుపంటుంది. అంత పెద్దవాళ్ళ మధ్యే తేలనిది నీకు ఒక్క రాత్రిలో తేలలేదని ఏడుపెందుకు తల్లీ?

నాకైతే ఇది కాస్తో కూస్తో అర్థమైంది బందరు కాలువలో. తాతయ్య నాకు అక్కడే ఈత నేర్పాడు. పొట్ట కింద అరచెయ్యి పెట్టి పట్టుకునేవాడు. నేను కాళ్ళూ చేతులూ టపటపా కొట్టేవాణ్ణి. ఎంత కొడితే అన్ని నీళ్ళు ముక్కులోకి వెళ్ళేవి. రెండు నిమిషాలకే ఆయాసం, ఆపైన నీళ్ళు ఎటు లాగితే అటే. విసుగొచ్చి ఊరుకుంటే బుడుంగున మునిగేవాణ్ణి. అలా ఎన్ని రోజులు గడిచాయో. ఒకనాడు ఆయన పక్కనే ఉన్నాడనుకుని నాలుగైదు బారలు వేసి తిరిగి చూస్తే, వెనక మెట్టు మీద నిలబడి పంచె పిండుకుంటున్నాడు. చెయ్యి ఎప్పుడు తీశాడో ఈ రోజుకీ తెలియదు.

బుద్ధుడి బోధలున్న పాళీ గ్రంథం సంయుత్త నికాయంలో మొట్టమొదటి సుత్తం, అంటే బోధ, ఈ సంగతే. ఒక దేవత వచ్చి "వరదను ఎలా దాటావు?" అని బుద్ధుణ్ణి అడుగుతుంది. ఆగిపోకుండా, పెనుగులాడకుండా దాటానంటాడు. ఆగినప్పుడు మునిగిపోయాను, పెనుగులాడినప్పుడు కొట్టుకుపోయాను అంటాడు. ఇది మొదటిసారి చదివినప్పుడు నా ముక్కులో కాలువ నీళ్ళ వాసన తగిలింది.

బుద్ధుడి శిష్యుడు ఆనందుడి సంగతి నీకు ఇంకా దగ్గరది. పాతికేళ్ళు బుద్ధుణ్ణి అంటిపెట్టుకుని ఉన్నవాడు, అన్ని బోధలూ నోటికొచ్చినవాడు. అయినా గురువు పోయేనాటికి అర్హతుడు, అంటే పూర్తిగా విముక్తి పొందినవాడు, కాలేదు. బుద్ధుడి బోధల్ని కూర్చడానికి రాజగృహంలో జరిగిన మొదటి సంగీతికి, అంటే భిక్షువుల సభకి, పెద్ద శిష్యుడు మహాకాశ్యపుడు 499 మంది అర్హతుల్ని ఎంచాడు, ఆనందుడితో 500. తెల్లారితే సభ. ఇలాగే వెళ్ళి వాళ్ళ మధ్య ఎలా కూర్చోవడం? ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఆలోచించు. రాత్రంతా ధ్యానంలోనే గడిపాడు. ఏమీ జరగలేదు. తెల్లవారుజామున, ఇక నడుం వాలుద్దామని మంచం మీద ఒరిగాడు. పాదాలు నేల వదిలాయి, తల ఇంకా దిండుకు ఆనలేదు. ఆ మధ్యలోనే విముక్తి.

ఏమీ చేయనక్కర్లేదనేవాళ్ళు ఆ వాలడం ఒక్కటే చెబుతారు, దాని ముందున్న రాత్రిని వదిలేస్తారు. బుద్ధుడి కాలంనాటి బాహియుడనే సాధకుడి కథనూ అలాగే చెబుతారు. బుద్ధుడి ఒక్క మాట విని మేలుకున్నాడు, నిజమే. కానీ ఆ మాట కోసం పడమటి తీరంలోని సుప్పారకం నుంచి శ్రావస్తి దాకా నడిచి వచ్చాడు కదా. అందుకని వాళ్ళ మాట విని కూర్చోవడం మానకు.

కానీ నీ తప్పూ చెప్పాలి. నువ్వు కూర్చున్న ప్రతి గంటా లెక్క రాసుకుంటున్నావు, ఫలితం ఏదని కళ్ళు మూసుకునే వెతుకుతున్నావు. మోకాళ్ళు వాస్తున్నా కదలట్లేదు. అన్నం తగ్గించావు. సిద్ధార్థుడు ఆరేళ్ళు ఇలాగే ఒళ్ళు ఎండబెట్టుకున్నాడు. చివరికి ఆయనకు గుర్తొచ్చింది చిన్నప్పటి మధ్యాహ్నం. నాన్న పొలం పనిలో ఉంటే నేరేడు చెట్టు నీడన ఊరికే కూర్చున్నప్పుడు, పిలవకుండానే వచ్చిన ప్రశాంతత. ఆ సుఖానికి నేనెందుకు భయపడుతున్నానని తనను తాను అడిగాడు. ఆ తర్వాతే కడుపు నిండా తిన్నాడు. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు. ఐదేళ్ళప్పుడు మన డాబా మీద, ఆరేసిన చీరల నీడలో, గంటసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేదానివి. అప్పుడు నీకెవరూ ఏమీ నేర్పలేదు.

వచ్చే నెల మూడో కోర్సుకి అప్లై చేశానన్నావు. దాన్ని వాయిదా వేసి ఇంటికి రా. పొద్దున పూట ఒక్క గంట కూర్చో, చాలు. మీ అమ్మ చేసే గోంగూర పచ్చడి వేసుకుని రెండు ముద్దలు ఎక్కువే తిను. ఈ రాత్రి పడుకునే ముందు అలారం ఐదున్నరకి మార్చు. మార్చాక నాకొక మెసేజ్ పెట్టు, ఎంత పొద్దుపోయినా చూస్తాను.

నాన్న